గీత వెంట నడిచే బండి

మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద, ఒక ఊళ్ళో ఓ పాలిటెక్నిక్ ఉండేది. చుట్టూ వరి పొలాలు, పొలాలు దాటితే రైస్ మిల్లులు. రైతుల పిల్లలు, మిల్లుల్లో మూటలు మోసే హమాలీల పిల్లలు, మిల్లు యజమానుల పిల్లలు అందరూ అక్కడే డిప్లొమా చదివేవారు. చివరి ఏడాది వాళ్ళకు రోబోటిక్స్ ల్యాబు చెప్పడానికి ఒక మేడమ్ కొత్తగా వచ్చింది. తన దగ్గర చదివిన పిల్లలకు పని నిజంగా రావాలని ఆమె పట్టుదల.

ఆ ల్యాబులో ఏటా చేసే ప్రాజెక్టు ఒకటే. గీత వెంట నడిచే బండి. తెల్ల ఫ్లెక్సీ వెనకవైపు నల్ల ఇన్సులేషన్ టేపుతో వంకర దారి వేస్తారు. బండి ముందు భాగంలో, నేలకు బాగా దగ్గరగా, ఐఆర్ సెన్సర్లు ఉంటాయి. వాటి నుంచి కంటికి కనపడని పరారుణ కాంతి కిందకు పడుతుంది. తెల్లటి చోట అది తిరిగొస్తుంది, నల్లటి చోట ఇంకిపోతుంది. తిరిగొచ్చిన కాంతి ఎంతో ఆర్డునో బోర్డు 0 నుంచి 1023 లోపు ఒక అంకెగా చదువుతుంది. గీత ఎడమకు జరిగితే కుడి చక్రం జోరు పెరగాలి, కుడికి జరిగితే ఎడమ చక్రం జోరు పెరగాలి. చూడటానికి ఆటబొమ్మే. అయినా కొలవడం, పోల్చడం, సరిదిద్దడం అనే మూడు పనులూ అందులో ఉన్నాయి. కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసే రోబో చెయ్యి కూడా ఆ మూడింటి మీదే నడుస్తుంది.

మొదటి ఏడు మేడమ్ పరీక్షకు సూటి నియమం పెట్టింది. బండి దారంతా తిరిగి రావాలి. ఎంత త్వరగా వస్తే అంత ఎక్కువ మార్కులు.

ఆ ఏడు బండ్లు బ్రహ్మాండంగా నడిచాయి. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన సారు మెచ్చుకున్నాడు. హెచ్‌ఓడీ ఫొటోలు తీయించి నోటీసు బోర్డులో పెట్టించాడు. ముగ్గురు అమ్మాయిల బండి ఒక్కటే మూడో మలుపు దగ్గర గీత వదిలేసింది. వాళ్ళు మోటార్లు తామే బిగించుకున్నారు, ప్రోగ్రాము తామే రాసుకున్నారు. మలుపు దగ్గర బండి ఎందుకు జారుతోందో కూడా వాళ్ళకు తెలుసు. సరిచేయడానికి ఇంకో రెండు రోజులు చాలేవి. వాళ్ళకు పాస్ మార్కులు పడ్డాయి.

పరీక్ష ముగిశాక ల్యాబు సర్దుతూ మేడమ్ ఒక సంగతి గమనించింది. బాగా నడిచిన బండ్లలో చాలావాటికి ఒకే రంగు తీగలు, ఒకే చోట ఒకే తీరు కట్లు. ఆరా తీస్తే తెలిసింది. పట్నంలో ఒక దుకాణంలో బండి, దాని ప్రోగ్రాము, రిపోర్టు అన్నీ కలిపి అమ్ముతున్నారు. వాటిలో ఒక బండి పరీక్షకు కాసేపు ముందు కదలకుండా నిలిచిపోయిందట. బ్యాటరీ తీగ ఊడింది, అంతే. చుట్టూ ఉన్న నలుగురిలో ఎవరూ చెయ్యి పెట్టడానికి సాహసించలేదు. దుకాణానికి ఫోన్ చేసి, వాళ్ళు చెప్పిన చోట తీగ గుచ్చి, పరీక్షకు వచ్చి ఫుల్ మార్కులు తీసుకున్నారు.

జూనియర్లు ఇదంతా చూశారు. చేసుకుంటే పాస్ మార్కులు, కొనుక్కుంటే ఫుల్ మార్కులు అని వాళ్ళకు అర్థమైంది. ఆ పాఠం మేడమ్ చెప్పలేదు. ఆమె పెట్టిన పరీక్ష చెప్పింది.

రెండో ఏడు ఆమె నియమం మార్చింది. బండి నడకకు కొన్ని మార్కులే. ఎక్కువ భాగం రికార్డుకూ వైవాకూ వేసింది. రాసినవాడికి, చెప్పినవాడికి తెలిసే ఉంటుందని ఆమె నమ్మకం.

ఆ ఏడు రికార్డులు లావెక్కాయి. బ్లాక్ డయాగ్రమ్, ఫ్లో చార్ట్, అడ్వాంటేజెస్, అప్లికేషన్స్, ఫ్యూచర్ స్కోప్ అన్నీ వరసగా ఉన్నాయి. కొన్ని సీనియర్ల రికార్డుల నుంచి దిగినవి, కొన్ని చాట్‌బాట్‌ని అడిగి రాయించినవి. వైవాలో పీఐడీ అంటే ఏమిటని అడిగితే ప్రపోర్షనల్, ఇంటిగ్రల్, డెరివేటివ్ అని అందరూ గడగడ చెప్పారు. "మరి నీ బండి గీత మీద అటూ ఇటూ ఊగుతోంది కదా, ఆ మూడింటిలో దేన్ని ముట్టుకుంటావు?" అని అడిగితే గది మూగబోయింది. ప్రశ్నలకు జవాబులు వచ్చినవాళ్ళకు తమ బండి సంగతే తెలియలేదు.

ఆ ఏడు వరి కోతల తర్వాత మేడమ్ జూనియర్లను ఇండస్ట్రియల్ విజిట్‌కి దగ్గరలోని రైస్ మిల్లుకు తీసుకెళ్ళింది. సార్టెక్స్ మిషన్ చూపించాలని. బియ్యం చూట్‌ల మీదుగా సన్నటి ధారగా జారి కెమెరాల ముందు పడుతుంటాయి. రంగు మారిన గింజ కనబడగానే, అది ఇంకా గాలిలో ఉండగానే, కింద ఎజెక్టర్ తెరుచుకుని గాలి దెబ్బతో దాన్ని పక్కకు తోసేస్తుంది. కన్ను మూసి తెరిచేలోపు ఎన్నో గింజల తీర్పు జరిగిపోతుంది.

వాళ్ళు వెళ్ళిన రోజు మిషన్ సరిగా లేదు. మంచి బియ్యం బస్తాలోకి నల్లగింజలు వస్తున్నాయి. మిషన్ దగ్గర ఆపరేటర్ ఒక కుర్రాడు. మొదటి ఏడు ఫుల్ మార్కులు తీసుకున్నవాళ్ళలో అతనొకడు. మేడమ్‌ని చూసి నమస్కారం పెట్టాడు కానీ చేతులు వణుకుతున్నాయి. తెర మీద కనబడిన సెట్టింగులన్నీ మార్చేశాడు. సెన్సిటివిటీ పెంచాడు, ఫీడర్ జోరు తగ్గించాడు, ఆపి మళ్ళీ వేశాడు. నల్లగింజలు ఆగలేదు సరికదా, మంచి బియ్యం కూడా రిజెక్షన్‌లోకి పోవడం మొదలైంది. లోపల యజమాని అరుస్తున్నాడు.

అప్పుడు మిల్లు ముసలి మెకానిక్ వచ్చాడు. అందరూ ఆయన్ను కాకా అంటారు. ముందు కుర్రాడు మార్చినవన్నీ పాత లెక్కకే పెట్టించాడు.

"ఇగ ఏం ముట్టకు బిడ్డా. ఏం చూసినవో చెప్పు."

"నల్లగింజలు వస్తున్నయి కాకా."

"ఏ చూట్ కెల్లి?"

కుర్రాడు అది చూడలేదు. కాకా ఒక్కో చూట్ కింద దోసిలి పట్టి, బియ్యం వెలుగులోకి తెచ్చి చూశాడు. మొదటిది శుభ్రం. రెండోది శుభ్రం. చివరిదానిలో, అదీ ఒక అంచు నుంచే, నల్లగింజలు వస్తున్నాయి.

"మిగతా చూట్‌లు మంచిగున్నయంటే కంప్రెషర్ మంచిగున్నట్టే. ఇదే చూట్ల ఇవతలి పక్క మంచిగుందంటే లైటు, కెమెరా మంచిగున్నట్టే. ఇగ మిగిలిందేంది?"

"ఆ అంచు ఎజెక్టర్లు," అన్నాడు కుర్రాడు మెల్లగా.

గాలి ఆపి విప్పి చూస్తే ఎజెక్టర్ మూతుల్లో తేమతో ముద్దైన తవుడు దుమ్ము ఉంది. కాకా వాటిని తుడిచాడు. గాలి ఫిల్టర్‌లో చేరిన నీళ్ళు వదిలాడు. మిషన్ వేస్తే బియ్యం తెల్లగా వచ్చాయి. తర్వాత కాకా పక్క గోడ మీద సుద్దముక్కతో తేదీ వేసి, ఏం చూశాడో, ఏం చేశాడో రెండు ముక్కల్లో రాశాడు. ఆ గోడ నిండా అలాంటి రాతలే.

"కాకా, ఇదంతా మీకు ఎవరు నేర్పారు?" అని అడిగింది మేడమ్.

"మా ఉస్తాద్ నడిచే మిషన్ కాడ నన్నెన్నడు నిలబెట్టలే మేడం. ఆగిన మిషన్ కాడనే నిలబెట్టిండు. నడిచే మిషన్‌కు మనిషితోని ఏం పని?"

ఆమె ఇంకో మాట అడిగింది. "ఈ మిషన్‌కు అన్ని రకాల చెత్తా దొరుకుతుందా?"

"ఏడ దొరుకుతది? మనదేమో రంగు చూసే కెమెరా. దానికి రంగు చూడమని చెప్పినం, అది రంగే చూస్తది. బియ్యం లెక్క తెల్లగున్న రాయి వస్తే పోనిస్తది. దాని తప్పు కాదది. రాయిని పట్టాల్నంటే బరువు చూడాలె. గందుకే ముందట డీస్టోనర్ పెట్టుకున్నం."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మేడమ్ ఎవరితోనూ మాట్లాడలేదు. బండి నడకను చూసే పరీక్ష పెడితే దుకాణపు బండ్లు దాటిపోయాయి. రాతనూ నోటి జవాబునూ చూసే పరీక్ష పెడితే బట్టీ దాటిపోయింది. రెండుసార్లూ తెల్లరాళ్ళే దాటిపోయాయి. పిల్లల మీద కోపం పోయింది. తన పరీక్ష దేన్ని చూస్తోందో ఆమెకు అర్థమైంది.

మూడో ఏడు మొదటి వారం నుంచే పాఠం మారింది. ప్రతి ల్యాబు క్లాసు చివర ఒక నడుస్తున్న బండిని ఆమె పిల్లల చాటున చెడగొట్టేది. ఒక రోజు మోటారు తీగలు తారుమారు చేసేది. ఒక రోజు నీరసపడ్డ బ్యాటరీ పెట్టేది. ఒక రోజు సెన్సర్‌ని కొంచెం పైకి ఎత్తేది. మరో రోజు మోటారు డ్రైవర్‌కూ ఆర్డునోకూ మధ్య గ్రౌండ్ తీగ వదులు చేసేది. పిల్లలు నాలుగు గడులు నింపాలి. ఏం చూశాం, ఏమని అనుమానించాం, ఏ ఒక్కటి మార్చి చూశాం, ఏం జరిగింది. అనుమానం తప్పయినా గడి నింపితే మార్కు ఉంటుంది. కొట్టేసిన రాతను చెరపకూడదు. చేతిరాతతో, తేదీతో ఆ నోటుబుక్కు రోజూ ల్యాబులోనే ఉండాలి.

పరీక్షకు కొత్త లెక్క వేసింది. బండి నడిచినందుకు 20 మార్కులు. ఏడాది పొడవునా రాసిన నోటుబుక్కుకు 20. మిగిలిన 60 చీటీకి. జట్టులో ఒక్కొక్కరూ వేరుగా ఒక చీటీ తీయాలి. అందులో ఉన్న లోపాన్ని మేడమ్ వాళ్ళ బండిలో గానీ, అది నడిచే చోట గానీ పెడుతుంది. అరగంటలో కనిపెట్టాలి, కారణం చెప్పాలి. ఒకడికి తేలికది, ఇంకొకడికి కష్టమైనది పడకూడదని ప్రతి చీటీనీ ఆమె ముందుగా తానే చేసి చూసి, ఎక్కువ తక్కువలు సరిచేసింది.

హెచ్‌ఓడీ ఒప్పుకోలేదు. "నడిచే బండిని చెడగొట్టి పరీక్ష పెడతారా మేడమ్? పాస్ పర్సెంటేజీ ఏమవుతుంది?"

"సార్, మిల్లులో వీళ్ళకు జీతమిచ్చేది మిషన్ ఆగిన రోజు కోసం. ఆ రోజు ఎలా ఉంటుందో మన దగ్గర ఒక్కసారైనా చూసి వెళ్ళాలి కదా. నేర్పకుండా అడిగితే అన్యాయం. ఏడాదంతా నేర్పాను, అదే అడుగుతున్నాను."

ఆయన ఈ ఒక్కసారికి సరే అన్నాడు.

పరీక్ష నాడు అందరి కళ్ళూ ఇద్దరి మీద ఉన్నాయి. ఒకడు మిల్లు యజమాని కొడుకు. అతను దుకాణంలోనే బండి కొన్నాడు. కొనడం తప్పు కాదు, విప్పి చెప్పగలగాలని మేడమ్ ముందే చెప్పింది. ఆ కుర్రాడు కొన్న బండిని ఎన్నోసార్లు విప్పి బిగించాడు. నోటుబుక్కు నిండా కొట్టివేతలే. చీటీలో గ్రౌండ్ తీగ లోపం వచ్చింది. బండి ఒకసారి కదిలి, ఒకసారి ఆగి, పిచ్చిగా ప్రవర్తించింది. అతను కంగారు పడలేదు. మల్టీమీటర్ తీసుకుని, బ్యాటరీ దగ్గర చూశాడు, బోర్డు దగ్గర చూశాడు, తీగ వెంబడే వెళ్ళి వదులుగా ఉన్న కొస పట్టుకున్నాడు. ఎందుకు అలా ఊగిసలాడిందో చెప్పాడు.

రెండో ఆమె క్లాసులో ఫస్ట్ వచ్చే అమ్మాయి. ఆమె చీటీలో ఉన్నది పడమటి కిటికీ పరదా తీయడం. సాయంత్రపు ఎండ ఫ్లెక్సీ మీద పడింది. బండి సగం దూరం పోయి గీత వదిలేసింది. ఆ అమ్మాయి చురుకైనది. చకచకా బ్యాటరీ మార్చింది, ప్రోగ్రాములో అంకె మార్చింది, సెన్సర్ కిందకు దించింది, ఫ్లెక్సీని గోడ వైపు లాగింది. బండి నడిచింది. ఇంకా చాలా టైముంది.

"అయిపోయింది మేడమ్."

"నడిచింది, బాగుంది. దేనివల్ల నడిచింది?"

ఆ అమ్మాయి తడబడింది. "నడిచింది కదా మేడమ్."

"నడిచింది తల్లీ. ఇప్పుడు దాన్ని మళ్ళీ చెడగొట్టు. కావాలని చెడగొట్టగలిగితే నీకు కారణం తెలిసినట్టు."

ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా కూర్చుని మొదలుపెట్టింది. పాత బ్యాటరీ పెట్టింది, బండి నడిచింది. పాత అంకె పెట్టింది, నడిచింది. సెన్సర్‌ని పాత ఎత్తుకు లేపింది, నడిచింది. ఫ్లెక్సీని మళ్ళీ కిటికీ దగ్గరకు లాగింది. బండి గీత వదిలేసింది. ఆమె ఒక్క క్షణం ఆగి, సెన్సర్ మీద ఎండ పడకుండా చేతులు అడ్డం పెట్టింది. బండి గీత పట్టుకుంది. లాప్‌టాప్‌లో అంకెలు చూసింది. నల్ల టేపు మీద, తెల్ల ఫ్లెక్సీ మీద వేరువేరుగా రావాల్సిన అంకెలు ఎండలో ఒకేలా వస్తున్నాయి.

"ఎండలో కూడా పరారుణ కాంతి ఉంటుంది మేడమ్! సెన్సర్‌కు అంతా తెల్లగానే కనబడుతోంది!" అని ఆమె గట్టిగా అరిచింది. తర్వాత నోటుబుక్కు అట్ట చింపి సెన్సర్ చుట్టూ గోడలా అతికించింది. ఎండలోనే బండి దారంతా తిరిగి వచ్చింది. టైము దాటిపోయినందుకు కొన్ని మార్కులు పోయాయి. ఆమె వాటి గురించి అడగలేదు.

ఆ ఏడు ఫుల్ మార్కులు ఎవరికీ రాలేదు. ఫెయిలయినవాళ్ళూ లేరు. మరుసటి వారం జూనియర్లు సీనియర్ల దగ్గరకు వచ్చారు. బండి ఎక్కడ కొనాలని వాళ్ళు అడగలేదు. పాడైపోయిన బండి ఏదైనా ఉంటే ఇమ్మని అడిగారు.

నీతి: పరీక్ష దేన్ని చూస్తుందో, విద్యార్థి దాన్నే నేర్చుకుంటాడు.

ఇది రోబోటిక్స్‌కు మాత్రమే చెందిన సత్యం కాదు. 1975లో బ్రిటన్ ఆర్థికవేత్త చార్ల్స్ గుడ్‌హార్ట్ ద్రవ్య విధానం గురించి మాట్లాడుతూ ఇదే ప్రమాదాన్ని ఎత్తిచూపాడు. ఒక కొలతను పట్టుకుని అదుపు చేయాలని చూస్తే, ఆ కొలత తన నమ్మకాన్ని పోగొట్టుకుంటుంది. తర్వాత ఆ సూత్రం ఆయన పేరు మీదే ప్రచారమైంది. చదువులో అది మరీ ఎక్కువగా పనిచేస్తుంది. మార్కు పడే చోటికి పిల్లలు పరుగెత్తడం వాళ్ళ తప్పు కాదు. ఆ మార్కును ఎక్కడ పెట్టామన్నది మన బాధ్యత.

రోబోటిక్స్ గురువుకు ఈ బాధ్యత ఇంకొంచెం బరువు. ఇక్కడ ఫలితం కళ్ళముందు తిరుగుతుంది, మెరుస్తుంది, చప్పట్లు కొట్టిస్తుంది. ఆ కదలికలో పిల్లవాడి ఆలోచన ఎంత, డౌన్‌లోడ్ చేసినది ఎంత అని పైకి తెలియదు. పైగా ఆటోమేషన్ వచ్చిన చోటల్లా మామూలు పనిని యంత్రమే చేసుకుంటుంది. మనిషికి మిగిలేది యంత్రం తడబడినప్పటి పని. పరిశోధకురాలు లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ 1983లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ చిక్కునే విప్పి చెప్పింది. యంత్రం తేలిక పనులను తీసుకుని కష్టమైనవాటిని మనిషికి వదులుతుంది, ఆ కష్టమైనవాటికి కావలసిన అలవాటును కూడా అదే దూరం చేస్తుంది. రోజూ అంతా సవ్యంగా నడిచే చోట, చెడినప్పుడు ఏం చేయాలో నేర్చుకునే అవకాశం దొరకదు. ఆ అవకాశాన్ని బడి కల్పించాలి. ఫ్యాక్టరీలో ఆగిన మిషన్ ముందు తడుముకుంటే నష్టం, ప్రమాదం. ల్యాబులో తడుముకుంటే చదువు.

తప్పును చదువుగా చూడటం కొత్త ఆలోచన కాదు. లోగో అనే కంప్యూటర్ భాషను 1967లో రూపొందించినవారిలో ఒకడైన సెమూర్ పాపర్ట్, నేల మీద గీతలు గీసే తాబేలు రోబోను పిల్లల చేతికిచ్చాడు. తాబేలు అనుకున్న బొమ్మ గీయకపోతే, పిల్లవాడు తన ఆలోచనలో ఎక్కడ మెలిక పడిందో వెతుక్కోవాలి. ఆ వెతుకులాటే అసలైన నేర్పు అని 1980లో వచ్చిన మైండ్‌స్టార్మ్స్ పుస్తకంలో ఆయన వాదించాడు. 1998లో లెగో కంపెనీ తన రోబో కిట్టుకు ఆ పుస్తకం పేరే పెట్టుకుంది. కిట్టు మన బడుల దాకా వచ్చింది. ఆ వెతుకులాట కూడా రావాలి.

2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబుల పేరుతో ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి పిల్లల ముందుకు సెన్సర్లు, మోటార్లు, త్రీడీ ప్రింటర్లు వస్తున్నాయి. ప్రభుత్వ బడుల్లో మరో 50,000 ల్యాబులు అయిదేళ్ళలో పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఇది ఎంతో మంచి మాట. ఆ గదుల్లో ఏం జరగబోతోందో నిర్ణయించేది మాత్రం పరీక్షే. ప్రదర్శనలో నడిచిన బొమ్మకే బహుమతి ఇస్తే డబ్బున్న ఇంటి బొమ్మ గెలుస్తుంది. లోపం వెతికిన తీరుకు బహుమతి ఇస్తే, సైకిల్ పంక్చరు వేసే తండ్రి పక్కన కూర్చుని గాలి ఎక్కడ పోతోందో చూసిన పిల్లవాడు కూడా నిలబడతాడు. చీటీల పరీక్షకు కొత్త సామాను అక్కర్లేదు, ఖర్చు లేదు. గురువు ముందుగా కూర్చుని ఆలోచించుకోవాలి, ఒక్కో పిల్లవాడి పక్కన కాసేపు ఓపికగా నిలబడాలి. అరవై మంది ఉన్న క్లాసులో అది బరువైన పనే. అయినా జట్టుకంతటికీ కలిపి ఒకే మార్కు వేసే చోట చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్లవాడు మనకు కనబడడు. వాడికి కూడా చీటీ అందితేనే వాడూ మన విద్యార్థి అవుతాడు.

మీరు గురువులైతే, పరీక్షకులైతే, ఈసారి ప్రాజెక్టు ప్రదర్శనలో చక్కగా నడుస్తున్న బండి దగ్గర ఆగండి. పిల్లల అనుమతి తీసుకుని ఒక తీగ ఊడదీయండి. జవాబు అందించకుండా పక్కన నిలబడండి. వాళ్ళు ముందు ఏం చూస్తారో, ఏమని అనుమానిస్తారో, ఒకసారికి ఒక్కటే మారుస్తారో లేదో గమనించండి. మార్కులు అక్కడ వేయండి.